తాళంచెవి సరే, తలుపు తెరిచేది ఏది?

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి ఎంజైమ్ (కణంలో రసాయన చర్యల్ని వేగంగా నడిపించే ప్రోటీన్) అనగానే కళ్ల ముందుకొచ్చే బొమ్మ తాళం, తాళంచెవి. ఎంజైములో ఒక గుంట ఉంటుంది, దానికి సరిగ్గా సరిపోయే అణువు వచ్చి అందులో కూర్చుంటుంది, చర్య జరిగిపోతుంది. ఈ పోలిక చెప్పింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్, 1894లో. ఒక ఎంజైమ్ ఒక రకం చక్కెర బంధాన్ని తెంపుతుంది, దాదాపు అలాగే ఉండే ఇంకో దాన్ని ముట్టుకోదు, ఎందుకని ఆలోచిస్తూ ఆయన ఈ మాట అన్నాడు. ఆ ప్రశ్నకి అది మంచి జవాబే. వచ్చిన చిక్కల్లా, మనం అదే బొమ్మని వేరే ప్రశ్నకి కూడా జవాబుగా వాడేస్తున్నాం. ఏ అణువు లోపలికి వస్తుందో తాళంచెవి బొమ్మ చెబుతుంది. వచ్చాక ఆ చర్య అంత వేగంగా ఎలా జరుగుతుందో అది చెప్పదు. ఈ రోజు ఎంజైముల మీద జరుగుతున్న గట్టి పరిశోధనలో చాలా భాగం ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది, 130 ఏళ్ల తర్వాత కూడా దాని మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఒకరితో ఒకరు విభేదిస్తూనే ఉన్నారు.

ముందు ఆ వేగం ఎంతో చూడాలి, లేకపోతే ఇందులో అంత వింత ఏముందో అర్థం కాదు. మన కణాల్లో ఓఎంపీ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉంది. ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ తయారీకి కావాల్సిన ముడిసరుకులో ఒకదాన్ని తయారుచేసే దారిలో, ఒక అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని ఊడదీయడం దాని పని. ఈ ఎంజైమ్ లేకుండా మామూలు నీళ్లలో ఆ చర్య దానంతటదే జరగాలంటే ఎంత కాలం పడుతుందో అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ వుల్ఫెండెన్, అన్నా రాడ్జికా కలిసి కొలిచారు. గది ఉష్ణోగ్రత దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటే జీవితం చాలదు కాబట్టి, అలాంటి చర్యే జరిగే ఒక చిన్న అణువుని సీలు వేసిన క్వార్ట్జ్ గొట్టాల్లో పెట్టి బాగా వేడిచేసి, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర వేగం కొలిచి, అక్కడి నుంచి 25 డిగ్రీలకు లెక్క కట్టారు. 1995లో వచ్చిన ఆ లెక్క ప్రకారం, ఉన్న అణువుల్లో సగం మారడానికి 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుంది. డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల క్రితం. అంటే అవి భూమ్మీద తిరుగుతున్న రోజుల్లో మొదలుపెట్టిన పని ఇప్పుడిప్పుడే సగానికి వస్తుందన్నమాట. అదే పనికి ఎంజైమ్ తీసుకునేది దాదాపు 18 మిల్లీసెకన్లు. తేడా ఎన్ని రెట్లంటే 1 పక్కన 17 సున్నాలు. పైగా ఈ ఎంజైముకి లోహం సాయం గానీ, విటమిన్ల నుంచి వచ్చే సహాయక అణువు సాయం గానీ అక్కర్లేదు. ఉన్నది మామూలు అమైనో ఆమ్లాల గొలుసే, అది ముడుచుకున్న తీరే.

ఇంత తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి పెద్ద అడుగు వేసింది అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, 1940లలో. రసాయన చర్యని కొండకి ఇటు ఊరి నుంచి అటు ఊరికి వెళ్లే ప్రయాణం అనుకోండి. పాత బంధం సగం తెగి, కొత్త బంధం సగం కట్టుకుని, అణువు చాలా ఇబ్బందికరమైన ఆకారంలో ఉండే క్షణం ఒకటి ఉంటుంది. అదే కొండ శిఖరం, దాన్నే పరివర్తన స్థితి అంటారు. ఆ స్థితి ఆయుష్షు సెకనులో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువ. ఎంజైమ్ గట్టిగా పట్టుకునేది లోపలికి వచ్చిన అణువుని కాదు, ఆ శిఖరం మీద ఉన్న అణువుని అన్నాడు పాలింగ్. ఆలోచిస్తే ఇందులో పెద్ద విషయం ఉంది. వచ్చిన అణువుకి గుంట మరీ సుఖంగా సరిపోతే అది అక్కడే హాయిగా ఉండిపోతుంది, కదలదు, చర్య ఇంకా కష్టమవుతుంది. కాబట్టి తాళంచెవి బొమ్మని అక్షరాలా తీసుకుంటే అది చెడ్డ ఎంజైముకి బొమ్మ అవుతుంది. తర్వాత 1958లో డేనియల్ కోష్‌లాండ్, అణువు రాగానే ఎంజైమ్ కూడా తన ఆకారం సర్దుకుంటుందని చెప్పాడు, అదీ ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది.

పాలింగ్ మాట మందుల దాకా వెళ్లింది. పరివర్తన స్థితిని అణువుగా తయారుచేసి సీసాలో పెట్టలేం, కానీ దాన్ని పోలిన, స్థిరంగా ఉండే అణువుని తయారుచేస్తే ఎంజైమ్ దాన్ని పట్టుకుని వదలదు. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకి చెందిన వెర్న్ ష్రామ్ దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. చర్యలో పాల్గొనే పరమాణువుల్ని ఒక్కొక్కటిగా బరువైన ఐసోటోపులతో మార్చి, వేగంలో వచ్చే చిన్న చిన్న తేడాల నుంచి ఆ శిఖరం ఆకారాన్ని లెక్కగట్టి, దానికి నకలు తయారుచేయడం. అలా వచ్చిన ఫోరోడెసిన్ అనే మందుకి ఒక రకం లింఫోమా క్యాన్సర్ కోసం 2017లో జపాన్‌లో అనుమతి దొరికింది.

సరే, శిఖరం మీదున్న అణువుని ఎంజైమ్ ఎలా పట్టుకుంటుంది, దేనితో పట్టుకుంటుంది? అసలు తగాదా ఇక్కడే మొదలవుతుంది.

ఒక పక్షం నాయకుడు ఆరీ వార్షెల్. 1976లో మైకేల్ లెవిట్‌తో కలిసి, కోడిగుడ్డు తెల్లసొనలో దొరికే లైసోజైమ్ అనే ఎంజైము మీద ఒక కొత్త రకం కంప్యూటర్ లెక్క చేశాడు. చర్య జరిగే చోటుకి క్వాంటం సూత్రాలు, మిగతా ప్రోటీనుకి మామూలు భౌతిక సూత్రాలు, రెండూ కలిపి. ఆ పద్ధతికే 2013లో వీళ్లిద్దరికీ, మార్టిన్ కార్‌ప్లస్‌కీ నోబెల్ వచ్చింది. వార్షెల్ చెప్పేది సూటిగా ఉంటుంది. చర్య జరిగేటప్పుడు అణువులో విద్యుదావేశం ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరుగుతుంది. నీళ్లలో అయితే చుట్టూ ఉన్న నీటి అణువులన్నీ ఆ కొత్త ఆవేశం వైపు తిరిగి సర్దుకోవాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఎంజైము లోపల ఆ సర్దుబాటు ముందే అయిపోయి ఉంటుంది. మండపంలో కుర్చీలన్నీ ముందే వేదిక వైపు తిప్పి వేసినట్టు, ప్రోటీనులోని ఆవేశాలన్నీ శిఖరం మీదున్న అణువుకి అనుకూలంగా ముందుగానే తిరిగి ఉంటాయి. ఆ ఖర్చు ప్రోటీన్ ముడుచుకున్నప్పుడే కట్టేసింది కాబట్టి చర్యప్పుడు మళ్లీ కట్టక్కర్లేదు.

ఇది చాలా ఏళ్లు కంప్యూటర్లో మాటగానే ఉంది. కొలిచి చూపించిన పని స్టాన్‌ఫర్డ్‌లో స్టీవెన్ బాక్సర్ బృందానిది, 2014లో వచ్చింది. కీటోస్టెరాయిడ్ ఐసోమెరేజ్ అనే ఎంజైమ్ తీసుకున్నారు. దాని గూట్లో, అంటే చర్య జరిగే గుంటలో, ఒక స్టెరాయిడ్ అణువుని కూర్చోబెట్టారు, అందులో కార్బన్, ఆక్సిజన్ మధ్య ఒక బంధం ఉంది. వీణ తీగ బిగువుని బట్టి స్వరం మారినట్టు, ఆ బంధం కంపించే వేగం చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని బట్టి మారుతుంది. పరారుణ కాంతితో ఆ కంపనాన్ని చూసి క్షేత్రం ఎంతో లెక్క కట్టారు. వచ్చిన విలువ సెంటీమీటరుకి 14 కోట్ల 40 లక్షల వోల్టులు. మామూలు గాల్లో సెంటీమీటరుకి 30 వేల వోల్టులు దాటితే నిప్పురవ్వ ఎగురుతుంది, ఇది దానికి దాదాపు 4,800 రెట్లు. అంతటితో ఆగలేదు. ఎంజైములో అమైనో ఆమ్లాలు మార్చి క్షేత్రాన్ని తగ్గిస్తూ పోతే వేగం కూడా దానితో పాటు పడిపోయింది, కొండ ఎత్తు చక్కగా సరళరేఖలో పెరిగింది. కొండ ఎత్తు తగ్గడంలో దాదాపు 70 శాతం ఈ క్షేత్రం పనే అని వాళ్లు తేల్చారు. ఆ తర్వాతి ఏడాదే ఆ ఫలితం అచ్చయిన పత్రికలోనే అభ్యంతరాలు వచ్చాయి, ఆ అంకెల్ని అలా చదవకూడదని. అభ్యంతరం చెప్పినవాళ్లలో అదే స్టాన్‌ఫర్డ్‌కి చెందిన డేనియల్ హెర్ష్‌లాగ్ ఉన్నాడు. ఒకే యూనివర్సిటీ, ఒకే ఎంజైమ్, రెండు ల్యాబులు, రెండు అభిప్రాయాలు. చదివేవాళ్లకి ఇది అయోమయంగా అనిపించొచ్చు గానీ, కొలత చేతిలో ఉండి దాని అర్థం మీద వాదించుకోవడం, కొలత లేకుండా వాదించుకోవడం కన్నా ఎన్నో రెట్లు నయం.

రెండో పక్షం మాట వేరు. ప్రోటీన్ రాయి కాదు, అది ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, ఊపిరి తీస్తున్నట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఆ కదలికల్లోనే రహస్యం ఉందని. ఈ వాదన ఎక్కువగా నడిచింది ఒక ఎంజైము మీద, దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పొట్టిగా డీహెచ్‌ఎఫ్‌ఆర్. తెలుగువాళ్లకి దీనితో నిజమైన చుట్టరికం ఉంది.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిస్తున్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని (ఫోలేట్ అనే విటమిన్ని) కృత్రిమంగా తయారుచేసింది, తర్వాత దానికి అచ్చు పోలికలుండే విరుగుడు అణువుల్ని కూడా తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు. 16 మందిలో 10 మందికి వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు పోయారు. ఆ మందు కణంలో ఏ ఎంజైమును పట్టుకుంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు, అది డీహెచ్‌ఎఫ్‌ఆర్ అని తేలింది 1950ల చివర్లో. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కి వాడతారు, రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లు వారానికి ఒకసారి వేసుకునే మాత్ర కూడా అదే. ఇంకో మాట, తాళంచెవి బొమ్మకి సంబంధించి. మెథోట్రెక్సేట్ చూడ్డానికి ఫోలేట్‌లాగే ఉంటుంది, కాబట్టి అది ఫోలేట్ కూర్చునే తీరులోనే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటారు. స్ఫటికాల్లో ఎక్స్‌రేలతో చూస్తే దాని తలభాగంలోని ఉంగరాల జంట ఫోలేట్‌తో పోలిస్తే బోర్లా తిరిగి ఉంది. ఆకారం ఒకేలా ఉన్నంత మాత్రాన పట్టు ఒకేలా ఉండదని అక్కడ కళ్లారా కనిపించింది.

ఇ.కోలై అనే బ్యాక్టీరియాలోని డీహెచ్‌ఎఫ్‌ఆర్ చిన్నది, 159 అమైనో ఆమ్లాలే. ఒక హైడ్రోజన్ని రెండు ఎలక్ట్రాన్లతో సహా ఒక అణువు మీంచి తీసి ఇంకో అణువు మీద పెట్టడం దాని పని. గూటి మీద ఒక చిన్న మూత ఉంది, పనిలో ఒక్కో మెట్టు దగ్గర అది ఒక్కో భంగిమలో ఉంటుంది. ఇందులో 121వ స్థానంలో గ్లైసీన్ ఉంటుంది. చర్య జరిగే చోటుకి చాలా దూరం, అక్కడ తాకే అవకాశమే లేదు. అయినా దాన్ని వాలీన్‌గా మారిస్తే హైడ్రోజన్ బదిలీ వేగం వంద రెట్లకు పైగా పడిపోతుంది. ఎక్కడో పెరట్లో స్తంభం మారిస్తే వంటింట్లో పొయ్యి మందగించినట్టు. 2011లో పీటర్ రైట్, స్టీఫెన్ బెన్‌కోవిక్ బృందాలు, ఆకారం దాదాపు మారకుండా కదలికలు మాత్రం అణిగిపోయేలా, అమైనో ఆమ్లాలు మార్చిన ఎంజైమ్ రూపాన్ని, అంటే ఒక మ్యుటెంట్‌ని తయారుచేసి, దానిలో బదిలీ వేగం బాగా తగ్గిందని చూపించాయి. కదలికలకి చర్యతో నేరుగా సంబంధం ఉందని వాళ్ల తాత్పర్యం. అదే ఏడాది వార్షెల్, లిన్ కామెర్లిన్ తదితరులు అవే మ్యుటెంట్ల మీద లెక్కలు చేసి, తగ్గినది కదలిక వల్ల కాదు, ఆవేశాల ముందస్తు అమరిక చెదిరిపోవడం వల్లేనని జవాబిచ్చారు.

ఇక్కడ బ్రిటన్‌లో కార్డిఫ్ యూనివర్సిటీలో రూడాల్ఫ్ అలేమన్ బృందం చేసిన ప్రయోగం ముచ్చటగా ఉంటుంది. ఎంజైములోని కార్బన్, నైట్రోజన్, హైడ్రోజన్ అన్నిటినీ వాటి బరువైన ఐసోటోపులతో నింపేశారు. రసాయనికంగా అదే ఎంజైమ్, ఆవేశాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, బరువు మాత్రం పది శాతం పైచిలుకు పెరిగింది, కాబట్టి వేగమైన కంపనాలు నెమ్మదించి తీరాలి. కదలికలే చర్యని తోస్తుంటే వేగం గట్టిగా దెబ్బతినాలి. తేడా వచ్చింది గానీ చాలా స్వల్పం.

ఈ తగాదాలో రెండు పక్షాలూ కొంతమేరకు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నాయి. శిఖరం దాటే ఆ ఒక్క క్షణం వరకు చూస్తే వార్షెల్ పక్షానికే సాక్ష్యం ఎక్కువ, బరువు ప్రయోగం కూడా అటే మొగ్గుతుంది. కానీ బ్యాక్టీరియాకి కావాల్సింది ఆ ఒక్క క్షణం కాదు, మొత్తం పని చక్రం. డీహెచ్‌ఎఫ్‌ఆర్‌లో హైడ్రోజన్ బదిలీ మహా అయితే సెకనుకి దాదాపు 950 సార్లు జరగగలదు, కానీ మొత్తం చక్రం తిరిగేది సెకనుకి 12 సార్లే, ఎందుకంటే తయారైన సరుకు గూట్లోంచి బయటపడడం ఆలస్యం. ఆ బయటపడడం మూత కదలిక మీద, ప్రోటీన్ భంగిమలు మారడం మీద ఆధారపడుతుంది. అంటే ఈ ఎంజైముకి గీత గీసేది రసాయనం కాదు, కదలికే. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీకి చెందిన డోరతీ కెర్న్ అడినైలేట్ కైనేజ్ అనే ఇంకో ఎంజైము మీద, అణువుల కదలికల్ని చూపించే ఎన్‌ఎంఆర్‌తో చేసిన పని కూడా ఇలాంటిదే చెప్పింది, అక్కడా వేగాన్ని నిర్ణయించేది గూటి తలుపు మళ్లీ తెరుచుకోవడమే. కదలిక చర్యని తోస్తుందా అన్నది ఒక ప్రశ్న, కదలిక లేకుండా పని సాగుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడటం వల్ల చాలా ఏళ్లు వృథా అయ్యాయి.

క్వాంటం టన్నెలింగ్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీని మీద ఆన్‌లైన్‌లో అతిగా రాస్తారు. బర్క్‌లీలో జూడిత్ క్లిన్‌మన్ 1989లో ఈస్ట్ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్‌లో హైడ్రోజన్ కొండ ఎక్కకుండా కొండలోంచి దూరి అవతలికి పోతున్న గుర్తులు చూపించింది. సోయాబీన్ లైపాక్సిజినేజ్‌లో అయితే హైడ్రోజన్ బదులు రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెడితే చర్య దాదాపు 80 రెట్లు నెమ్మదిస్తుంది, మామూలు లెక్క ప్రకారం ఏడు రెట్ల దగ్గర ఆగాలి. టన్నెలింగ్ నిజం, అందులో అనుమానం లేదు. కానీ ఎంజైమ్ లేకపోయినా హైడ్రోజన్ టన్నెలింగ్ చేస్తుంది, కాబట్టి 17 సున్నాల వేగానికి అదే కారణమనడానికి లేదు.

ఈ వాదాలన్నీ ఇన్నాళ్లు సాగడానికి ఇంకో కారణం, చేతిలో ఉన్న ఉదాహరణలు తక్కువ. ఒక ఎంజైములో ఒక అమైనో ఆమ్లం మార్చి, దాన్ని బ్యాక్టీరియాలో పెంచి, శుద్ధిచేసి, వేగం కొలవడానికి రోజులు, వారాలు పడతాయి. పరిశోధక విద్యార్థి ఐదేళ్లు కష్టపడితే కొన్ని పదుల మ్యుటెంట్లు. అవి కూడా ఎక్కువగా గూటి చుట్టుపక్కలే, ఎందుకంటే దూరంగా ఉన్నవాటిని మార్చి చూడాలని ఎవరికీ తోచదు. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో పాలీ ఫోర్డైస్, ఇందాక చెప్పిన హెర్ష్‌లాగ్ కలిసి దీన్ని మార్చేశారు. గాజు పలక మీద వెయ్యికి పైగా అతిచిన్న గదులు, ఒక్కో గదికీ కవాటాలు, ఒక్కో గదిలో ఒక్కో మ్యుటెంట్ అక్కడికక్కడే తయారై, శుద్ధి అయి, దాని వేగం కూడా అక్కడే కెమెరాలో నమోదవుతుంది. పాఫ్‌ఏ అనే ఫాస్ఫటేజ్‌లో దాదాపు ప్రతి స్థానాన్నీ ఒకసారి గ్లైసీన్‌గా, ఒకసారి వాలీన్‌గా మార్చి 1,036 మ్యుటెంట్లు పరీక్షించారు. మొత్తం జరిపిన చర్యలు 6 లక్షల 70 వేలకు పైనే. ఫాస్ఫటేజుల పని ఫాస్ఫేట్‌ని తెంపడం. అలా తెగిన ఫాస్ఫేట్ ఎంతో కొలవడానికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు ల్యాబుల్లో వాడింది నీలం రంగు తేలే ఒక పద్ధతి, దాని పేరు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. 1925 నాటిది, ఆ సుబ్బారావు ఈ సుబ్బారావే.

ఆ వెయ్యి మ్యుటెంట్లు చూపించిందేమిటంటే, గూటికి చాలా దూరంగా, ప్రోటీన్ ఉపరితలం దాకా ఉన్న స్థానాలు కూడా వేగాన్ని మారుస్తాయి. అదీ అడ్డదిడ్డంగా కాదు, చర్యలో ఒక్కో అంశాన్ని ప్రభావితం చేసేవి ఒక్కో చోట గుంపులుగా కనిపించాయి. డీహెచ్‌ఎఫ్‌ఆర్‌లో 121వ స్థానం ఒక వింతలా అనిపించింది కదా, నిజానికి అది ఎంజైముల మామూలు స్వభావం. మందుల విషయంలో దీని విలువ చాలా పెద్దది. ట్రైమెథోప్రిమ్, అంటే సెప్ట్రాన్ మాత్రలో ఉండే రెండు మందుల్లో ఒకటి, బ్యాక్టీరియా డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ని పట్టుకుంటుంది, మన డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ని పెద్దగా పట్టించుకోదు. మలేరియా మందు పైరిమెథమిన్ ఆ పరాన్నజీవి డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ని పట్టుకుంటుంది, కానీ 108వ స్థానంలో సెరీన్ పోయి ఆస్పరజీన్ వస్తే పట్టు సడలిపోతుంది, మందు పనిచేయడం మానేస్తుంది. ఏ మార్పు మందుని ఓడించి కూడా ఎంజైముని బతికిస్తుందో ముందే చెప్పగలగాలంటే దూరపు స్థానాల లెక్క కూడా తెలిసి ఉండాలి.

అర్థమైందా లేదా అనేదానికి గట్టి పరీక్ష సొంతంగా ఒకటి తయారుచేసి చూడటం. సియాటిల్‌లో డేవిడ్ బేకర్ బృందం, మరికొందరితో కలిసి, 2008లో కెంప్ చర్య అనేదానికి కంప్యూటర్‌తో ఎంజైములు రూపొందించింది. ప్రకృతిలో ఆ చర్యకి ఎంజైమే లేదు. అవి పనిచేశాయి, కానీ నీరసంగా. ప్రయోగశాలలో పరిణామం చేయించి, అంటే యాదృచ్ఛికంగా మ్యుటేషన్లు పెట్టి మెరుగైనవాటిని ఏరుకుంటూ పోతే, సామర్థ్యం 200 రెట్లకు పైగా పెరిగింది. ఈ పరిణామ పద్ధతికే ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కి 2018లో నోబెల్ వచ్చింది. పని జరిగింది, కారణం మాత్రం చేతికి పూర్తిగా చిక్కలేదు. గూటి ఆకారం కంప్యూటర్లో సరిగ్గానే ఉంది, అయినా ఏదో తక్కువైంది.

2025లో రెండు పనులు ఈ లోటుని చాలావరకు పూడ్చాయి. బేకర్ బృందం సెరీన్ హైడ్రొలేజులు రూపొందించింది. ఈ తరగతి ఎంజైములు పనిని చాలా మెట్లలో చేస్తాయి. ఇంతకుముందు మనిషి రూపొందించినవి మొదటి మెట్టు చేసి, సగం తెగిన అణువుని తమకే అతికించుకుని, అక్కడే ఇరుక్కుపోయేవి. ఈసారి వాళ్లు శిఖరం ఒక్కటే కాకుండా ప్రతి మెట్టు దగ్గరా గూటిలోని పరమాణువులు సరైన అమరికలో నిలబడతాయా, చెదిరిపోతాయా అని లెక్కగట్టి, నిలబడేవాటినే ఏరుకున్నారు. అవి పూర్తి చక్రం తిరిగాయి. ముందస్తు అమరిక కావాలన్న వార్షెల్ మాట, ప్రతి మెట్టుకీ తగ్గ భంగిమ కావాలన్న రెండో పక్షం మాట, రెండూ ఒకే డిజైన్లో చోటు చేసుకున్నాయి. అదే ఏడాది ఇజ్రాయెల్ వైజ్‌మన్ సంస్థలో సారెల్ ఫ్లైష్‌మన్ బృందం, 2008 నాటి అదే కెంప్ చర్యకి, ల్యాబులో పరిణామం చేయించే అవసరం లేకుండానే చురుకైన ఎంజైముల్ని లెక్కలతో తయారుచేసింది. ఇవి ప్రకృతిలోని మేటి ఎంజైముల స్థాయికి ఇంకా రాలేదు, అయినా పదిహేడేళ్లలో ఇంత దూరం రావడం సంతోషించాల్సిన విషయం.

ప్రోటీన్ ఆకారాన్ని లెక్కగట్టి చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం వచ్చాక 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి, దాని వెనకున్న డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకి బేకర్‌తో పాటు 2024లో నోబెల్ ఇచ్చారు. దాన్ని చూసి ఎంజైముల కథ అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ ఆకారం ఫిషర్ ప్రశ్నకి జవాబు, వేగం ప్రశ్నకి కాదు. ఆల్ఫాఫోల్డ్ ఆకారాలు నేర్చుకోగలిగింది ఎందుకంటే యాభై ఏళ్లుగా ప్రపంచమంతా కొలిచిన ఆకారాలు ఒకే పద్ధతిలో ఒకే చోట చేర్చి ఉన్నాయి. వేగాల కొలతలు అలా లేవు. ఒక ల్యాబు 25 డిగ్రీల దగ్గర కొలిస్తే ఇంకోటి 37 దగ్గర, ఒకరు ఒక ఆమ్లత దగ్గర, ఇంకొకరు ఇంకో చోట, పనిచేయని మ్యుటెంట్ల సంగతి చాలాసార్లు ఎవరూ రాయనే రాయరు. కంప్యూటర్‌కి వేగం నేర్పాలంటే ఓడిపోయిన మ్యుటెంట్లు కూడా, ఒకే పరిస్థితుల్లో, వేల సంఖ్యలో కొలిచి ఇవ్వాలి. స్టాన్‌ఫర్డ్ గాజు పలకలాంటివి ఇప్పుడు పనికొస్తున్నది దానికే.